విప్పినవాడే బిగించాలి

యజ్ఞనారాయణ సుత్తితో మరో దెబ్బ వేశాడు. స్టీరింగు జాయింటు ఊడిరాలేదు. టౌన్‌షిప్పు తోటలకు నీళ్లు మోసే చిన్న ట్రాక్టరు అది. దాని కింద వెల్లకిలా పడుకున్న అతని మొహం మీద ఎర్రమట్టి జలజలా రాలింది. జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగి ఎన్నాళ్లయిందో, లోపల గ్రీజూ దుమ్మూ కలిసి ముద్ద కట్టాయి.

"నీ యమ్మ కడుపు మాడ!" అన్నాడు. ట్రాక్టరుకు అమ్మెవరో అతనికీ తెలియదు.

మధ్యాహ్నం బండికి దుర్గ్ స్టేషను నుంచి అతని అప్ప, తోడబుట్టిన అక్క చిన్నమ్మలు విజయనగరం వెళ్లిపోతోంది. అతని భార్య పోయినప్పుడు వచ్చిన మనిషి. భాష తెలియని ఊళ్లో, సెక్టర్ ఏడు క్వార్టర్లో, అతని పిల్లల్ని పెంచి పెద్ద చేసింది. వాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. మొన్న కూరలో ఉప్పెక్కువైందని, "నిన్నెవులు రమ్మన్నారిక్కడికి?" అని ఎగిరాడు యజ్ఞనారాయణ. ఆవిడ గిన్నెలు కడిగి బోర్లించి, చీరలు మూట కట్టుకుంది.

తప్పయిందని అతనికి ఆ క్షణమే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. పొద్దున్న గడప దాటుతూ "టేసనుకొస్తానప్పా" అని మాత్రం అన్నాడు. ఉండిపొమ్మని అక్కడైనా అనాలి.

చిటికెలో అయిపోయే పని కదా అని తనే విప్పాడు దీన్ని. ఇప్పుడు మధ్యాహ్నమైందని ఫ్యాక్టరీ కొలిమి షాపు సైరన్ కూడా కూసేసింది.

"నువ్వెల్లు బావూ, నాను బిగించీస్తాను" అన్నాడు తోటి మెకానిక్ సత్యారావు.

ఆ రిపేరు షెడ్డులో విప్పినవాడే బిగించాలి. ఎప్పుడో ఒకరు సగంలో వదిలిన పని ఇంకొకరు అందుకుంటే, చక్రం ఊడి తోటమాలి కాలు విరిగింది. ఆ నియమం పెట్టిందీ, అందరినీ దానితో వేపుకు తిన్నదీ యజ్ఞనారాయణే.

"వద్దురా. అయిపోయినాది."

జాయింటు ఎట్టకేలకు ఊడింది. కిరసనాయిలుతో కడిగాడు, గ్రీజు కూరాడు, కూర్చోబెట్టి నట్టు బిగించి పిన్ను వంచాడు. చేతులు తుడుచుకుంటూ బయటికొస్తే బల్ల మీద కొత్త రబ్బరు తొడుగు అలాగే ఉంది. జాయింటు కూర్చోబెట్టక ముందే దాన్ని తొడగాలి. మళ్లీ అంతా విప్పాలి.

సత్యారావు నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టడానికొక మనిషి దొరికేవాడు. ఒళ్లు మండిపోయి గుడ్డను నేలకేసి కొట్టి, యజ్ఞనారాయణ మళ్లీ ట్రాక్టరు కిందికి దూరాడు.

సైకిలు మీద దుర్గ్ చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోయింది. ఆవిడను ఎక్కించడానికి వచ్చిన పక్క క్వార్టరు శంకరరావు ఎదురొచ్చాడు.

"ఇప్పుడా రావడం? టిక్కెట్టు తీస్తానంటే వద్దందయ్యా మీ అప్ప. ‘తమ్ముడొస్తాడు, ఆడేటంటాడో సూసి తీద్దారి’ అంది. గేటు కేసే సూస్తా కూకుంది. గంట కొట్టీసినాక నానే పరిగెత్తి తీసి ఎక్కించీసినాను."

యజ్ఞనారాయణకు గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అరెరే, హడావుడిలో మర్సిపోనాది" అన్నాడు శంకరరావు వెనక్కి చూసి.

ఆవిడ కూర్చున్న బెంచీ చివర, దారికని తెచ్చుకున్న ఇత్తడి మరచెంబు, నిండా నీళ్లతో, మూత బిగించింది బిగించినట్టే ఉంది.