డబ్బాలో దాచిన చెవి

"వంటయిపోయింది గదేటి, ఇంక తీసీ."

రోజూ అన్నం గిన్నె దించగానే రమణమూర్తి నోట ఈ మాట రావాల్సిందే. సౌభాగ్య తడి చేతులు కొంగుకి తుడుచుకుని, చెవి వెనక మిషను తీసి, దాని గోరంత తలుపు తెరిచి, శనగబద్దంత బ్యాటరీని మొగుడి అరచేతిలో పెట్టేది. ఆయన దాన్ని హోమియో మాత్రల డబ్బాలో వేసి మూత బిగించేవాడు. మళ్ళీ ఇంటికెవరైనా వస్తేనో, ఆయనకి టీ తాగాలనిపిస్తేనో డబ్బా తెరుచుకునేది. అంతవరకు సౌభాగ్యకి వినికిడి లేదు.

రమణమూర్తి రైల్వే లోకోషెడ్డులో బ్యాటరీల దగ్గరే పనిచేసి రిటైరయ్యాడు. డ్యూటీ అయిపోయినా పెత్తనం పోలేదు. తార్‌బహార్ పేటలోని వాళ్ళింట్లో కొత్త సెల్లులు ముందు ఆయన టార్చిలోకి వెళ్తాయి. వెలుగు తగ్గాక టీవీ రిమోటులోకి, రిమోటు మొరాయించాక వంటింటి గోడ గడియారంలోకి. పాతదీ కొత్తదీ కలపకూడదు, వాడనప్పుడు తీసి పొడిగా దాచాలి. అబద్ధమెందుకు, ఆ లెక్కలన్నీ సరైనవే, ఇరుగుపొరుగు కూడా ఆయన్నే సలహా అడిగేవారు. కూతురు కోమల తల్లికి చెవి మిషను కొనిపెట్టాక ఆ చెవి కూడా టార్చి, రిమోటు, గడియారాల వరసలో చేరిపోయింది. బ్యాటరీల అట్ట కొని తెచ్చిన రోజే, వాటికి అంటించిన రంగు స్టిక్కర్లన్నీ ఒక్కసారే ఒలిచేసి డబ్బాలో పోసేవాడు. "నీకు చూపానదు, గోళ్ళతో గీకి పాడుసేత్తావు" అనేవాడు.

అంత జాగ్రత్త చేసినా అవి చప్పున అయిపోయేవి. నేరం సౌభాగ్య మీద పడేది. "ఏటంతలా వినీస్తన్నావే? కుక్కరు కూత వినడానికి ఇన్ని బ్యాటరీలేటి?" అని ఆయన పదిమందిలో నవ్వేవాడు. సౌభాగ్యకి సిగ్గు ముంచుకొచ్చేది. ఎక్కువ తినేస్తున్నావంటే ఎలా ఉంటుందో అలా ఉండేది. ఇంకా తగ్గించుకుంది. ఇంటిదాకా వినబడే స్టేషన్ అనౌన్సుమెంట్లు వదులుకుంది, గోడవతల సింహాచలం పిన్నితో కబుర్లు వదులుకుంది, కుక్కరు కూతలు కూడా వదిలేసి ఆవిరి చూసి పొయ్యి ఆపడం నేర్చుకుంది. కోమల ఊరి అవతలి మంగ్లా నుంచి పొద్దున్నే బ్యాంకుకి పోతూ పిల్లని దింపిపోతుంది. మూడో ఏట పడిన శ్రీనిధికి తినిపించడం, కడగడం, నిద్రపుచ్చడం అన్నీ సౌభాగ్యే. వాటికి బ్యాటరీ అక్కర్లేదు కదా! ఒకరోజు కోమల, "అమ్మా, చూశావా, ఇది నిన్ను పిలవడమే మానేసింది. కొంగు లాగుతోంది, బడీ చాలాక్ హై, మహా గడుసుది" అని నవ్వింది. సౌభాగ్య కూడా నవ్వి, పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఇవాళ రమణమూర్తి మోకాలు వాచి మంచం దిగలేదు. సెలవని ఇంటికొచ్చిన కోమలకి పిల్లని వదిలి, సౌభాగ్యే మాత్రల డబ్బా పట్టుకుని మిషను షాపుకి వెళ్ళింది. షాపులో అమ్మాయి ముందు ఒక కొత్త బ్యాటరీ మిషనులో వేసి చెవికి పెట్టింది. మిగతావాటి స్టిక్కర్లు తీసేసి ఇందులో వెయ్యమని సౌభాగ్య డబ్బా చాపింది.

"అరే నహీ ఆంటీ! స్టిక్కర్ హటాయా తో సమఝో చాలూ హో గయా."

స్టిక్కరు ఒలిచి గాలి తగిలితేనే ఇది మొదలవుతుందట. మొదలయ్యాక డబ్బాలో పెట్టి మూతేసినా, విన్నా వినకపోయినా, లోపల తరిగిపోతూనే ఉంటుందట. ఒక్కొక్కటే ఒలుచుకుని పొద్దున్నుంచీ పడుకునేదాకా హాయిగా వినమంది.

సౌభాగ్య కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. మరి నేను వినకుండా మిగిల్చిందంతా ఏమైనట్టు? ఆ పిల్ల మొదటి మాటలు, నా వెనక నిలబడి పిలిచిన పిలుపులు, ఏ డబ్బాలో ఉన్నాయి? ఎక్కడా లేవు. ఏదీ మిగల్లేదు. ఇంటిదాకా ఆమెకి కోపం కూడా రాలేదు, కొత్త అట్ట జాకెట్లో దోపుకుని నడిచింది, అంతే.

మధ్యాహ్నం వంటయ్యింది. "తీసీ. కొత్తవేవి, ఇలాగియ్యి" అన్నాడు రమణమూర్తి మంచం మీంచి.

షాపు అమ్మాయి అన్నదంతా ఆమె చెప్పింది.

"ఆ పిల్లకేటి తెలుసు? షెడ్డులో నాను ఇలాటివెన్ని సూసినాను!"

సౌభాగ్య ఖాళీ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీరు దాసుకోండి" అంది. అట్ట ఆమె జాకెట్లోనే ఉంది.

వంటింట్లోకి వచ్చేసరికి ఎవరో కొంగు లాగారు. శ్రీనిధి. చేతిని గ్లాసులా మడిచి నోటి దగ్గర పెట్టి చూపించింది. సౌభాగ్య కింద కూర్చుంది. "నోటితో అడుగమ్మా, ఇనబడతాది నాకు." పిల్ల ఆమెని వింతగా చూసి, మళ్ళీ చేత్తోనే చూపించింది. సౌభాగ్య నీళ్ళు తాగించి, గ్లాసు పక్కన పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది.

"సౌభాగ్యా, టీ!"

కేక స్పష్టంగా వినబడింది. రెండోసారి ఇంకా స్పష్టంగా. ఆమె కదల్లేదు. ఈ పిల్ల నోటివెంట అమ్మమ్మా అన్న పిలుపు వచ్చేదాకా, ఇంకెవరి పిలుపుకీ లేవకూడదనుకుంది.