జాలీ మీద నూనె

హదస్సా స్నానాలగది గడప దగ్గర చిన్న పీట వేసుకుని తమ్ముడి చొక్కా ఉతుకుతోంది. వేడినీళ్లు తగిలితే రక్తపు మరక ఇంకా గట్టిపడుతుందని ఊళ్లో అమ్మమ్మ చెప్పేది. అందుకే చన్నీళ్లలో నానబెట్టి, సబ్బు పట్టించి, పిడికిళ్ల మధ్య నలుపుతోంది. చొక్కా ఎక్కడా చిరగలేదు. ఒక్క గుండీ అయినా ఊడలేదు. మరకైతే మెడ నుంచి జేబు దాకా ఉంది. ఆ రక్తం తమ్ముడు షాలేమ్‌ది కాదు.

"పోతోందా?" అని వంటింట్లోంచి తల్లి రోసమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"జేబు మీద పోయిందమ్మా. కాలరే మొండికేసింది."

"కానివ్వు తల్లీ. మీ నాన్న కంటపడితే మళ్లీ మొదలవుతుంది."

గొడవ ముందురోజు సాయంత్రం మెట్టుగూడలో జరిగింది. అక్కడ జీవరాజు అనే ఆయన గేమింగ్ సెంటర్ నడుపుతాడు. గంటకింత అని కట్టి కుర్రాళ్లు కంప్యూటర్ల మీద తుపాకుల ఆటలాడుకుంటారు. షాలేమ్ ఓడిపోగానే పక్క కుర్చీలో కుర్రాడు పకపకా నవ్వాడు. "చేతులకు గోరింటాకు గిట్ల పెట్టుకున్నవా అన్నా? తుపాకి పట్టుడే రాకపాయె" అన్నాడు. షాలేమ్ బల్ల మీది కీబోర్డు ఎత్తి వాడి మూతి మీద కొట్టాడు. కుర్రాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. షాలేమ్ వంగి మళ్లీ కొట్టాడు. మీటలు ఊడి నేలంతా చెదిరిపోయాయి. తర్వాత జీవరాజు వాటిని ఏరుతుంటే వాటి మధ్య ఒక పన్ను దొరికింది.

కబురు అందగానే తండ్రి జకర్యా పరుగున వెళ్లి, ఆ కుర్రాడి తల్లిదండ్రుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ మొఖం చూసి ఈసారి ఇడిచిపెడుతున్నం సారూ. ఇంకోపారి ఎవని మీదన్న చెయ్యి లేస్తే సీదా జైలే" అన్నాడు కుర్రాడి తండ్రి.

ఇంటికి రాగానే జకర్యా బెల్టు తీశాడు. ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. కొట్టడంలోనూ ఆయనదొక పద్ధతి. బకిలు తన గుప్పిట్లో ఉంచుకుని తోలు మాత్రమే తగిలేలా కొడతాడు. మీసాలొచ్చిన కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు, కదల్లేదు. ఆయాసపడి తండ్రే ఆగాక, "అయిపాయెనా డాడీ?" అని అడిగాడు.

హదస్సా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆమె పదో తరగతి దాకా అత్తిలి దగ్గర అమ్మమ్మ ఊళ్లో చదువుకుంది. అక్కడ ఆమె మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఈ సీతాఫల్‌మండి ఇంట్లోకి, ఈ దెబ్బల మధ్యకి సగంలో వచ్చిన మనిషి కాబట్టో ఏమో, ఆమె చూపు వేరేచోట పడేది. అమ్మ బెల్టునే చూస్తుంది. హదస్సా తమ్ముడి చేతుల్ని చూసింది. దెబ్బ పడిన ప్రతిసారీ వాడి వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి, మళ్లీ ముడుచుకుంటున్నాయి. వాడు తినే దెబ్బలన్నీ అవి ఎక్కడో దాచుకుంటున్నట్టున్నాయి.

చొక్కా దండెం మీద వేసి వచ్చి ఆమె తండ్రి ముందు నిలబడింది. "నాన్నా, ఆ ఆటేదో ఇంట్లోనే ఆడుకుంటే? డిగ్రీ పాసైతే కంప్యూటర్ కొంటానని మీరే మాటిచ్చారు కదా. పాసయ్యాడు కూడా."

"వాడు చేసిన ఘనకార్యానికి బహుమతా?"

"బహుమతి కాదు నాన్నా. ఇంట్లో ఉంటే పక్కన నవ్వేవాడు ఉండడు. తెర మీద చచ్చినవాడు మళ్లీ లేచి పరిగెడతాడు. ఆ పిల్లాడి పన్ను మళ్లీ రాదు."

జకర్యా లేచి లోపలికి వెళ్లిపోయాడు. మాటిచ్చి తప్పడం ఆయన వల్ల కాదని హదస్సాకి తెలుసు. ఆమె కోరిక ఒక్కటే. తమ్ముడి చెయ్యి బతికున్న మనిషి మొహం మీద ఇంకోసారి పడకూడదు. పడితే వాడు ఇంక ఇంటికి దక్కడు.

ఆ వారమంతా ఆలోచించి శనివారం పొద్దున ఆయన ఒప్పుకున్నాడు. రెండు షరతులు పెట్టాడు. ఆదివారం ఆరాధన చూడటానికి వీలుగా తెర పెద్దది ఉండాలి. ప్రార్థన చెయ్యకుండా స్విచ్ వెయ్యకూడదు.

తండ్రీ పిల్లలూ ముగ్గురూ కలిసి కంప్యూటర్ దుకాణాలుండే పార్క్‌లేన్‌కి వెళ్లారు. ఇరుకు మెట్లెక్కి ఒక దుకాణంలో కూర్చున్నారు. దుకాణదారు మాటకారి. టీవీ అంత తెరను చూపించి ఇదే కావాలన్నాడు జకర్యా.

"తీస్కోరి సారూ, నాకేం తక్లీఫ్? కానీ గంత పెద్దదాంట్ల బొమ్మ జెర సుస్తుగ మారుతది. మీకు పాట మంచిగ కనవడతది, అన్నకు దుష్మన్ లేటుగ కనవడతడు. కనవడేసరికి కాల్చిపోతడు."

షాలేమ్ ఫక్కున నవ్వాడు. వాడు నవ్వి ఎన్నాళ్లయిందో హదస్సాకి గుర్తురాలేదు. చివరికి చిన్నదే అయినా బొమ్మ వేగంగా మారే తెర తీసుకున్నారు.

"విండోస్ ఎందుకయ్యా? మా స్కూల్లో ఊరికే వచ్చేదేదో వేశారు. లైనక్స్" అన్నాడు జకర్యా.

"మంచిదే సారూ, లెక్కలకు ఫస్టు క్లాసు. కానీ అన్న ఆడే ఆట దాంట్ల నడువది. దొంగాట పట్టేటందుకు ఆ ఆట తయారుజేసినోళ్లు ఒక కాపలా పెట్టిన్రు. అది విండోస్‌నే లోపటికి రానిస్తది."

ప్రాసెసర్ దగ్గర కాసేపు ఆగారు. "పేరు చివర్ల ఎఫ్ ఉన్నది తీస్కోరి, సస్తా. అది బొమ్మ ఇయ్యది. బొమ్మ పని మొత్తం గీ గ్రాఫిక్స్ కార్డుదే. మిగిలిన పైసలు కార్డు మీద పెట్టుర్రి."

"ఎఫ్ అంటే ఏంటి? ఫెయిలా?" అన్నాడు జకర్యా.

"మీకాడ ఫెయిల్, మాకాడ ఫస్టు సారూ!"

అక్కడికక్కడే బిగించి, విండోస్ ఎక్కించి చూపించాడు. నల్లటి పెట్టెకు పక్కన అద్దం, పైన ఇనుప జాలీ. లోపల పంకాలు రంగురంగుల దీపాలతో తిరిగాయి. తెర మీద నీలం వెలుగు పరుచుకోగానే షాలేమ్ రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. ఆ చేతులు అలా కదలకుండా ఉండటం హదస్సా మొదటిసారి చూసింది.

ఆటోలో పెట్టెను వాడు ఒళ్లోనే పెట్టుకున్నాడు. "జెర మెల్లగ పోనియ్ భయ్యా, గుంతలున్నయ్" అని చిలకలగూడ దాటేదాకా బతిమాలుతూనే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. మూల బల్ల మీద అన్నీ సర్ది, వైర్లు పెట్టి, మీట మీద వేలు వెయ్యబోయాడు.

"ఆగు. ప్రార్థన" అన్నాడు జకర్యా.

"పాస్టర్ అయ్యగారు కాకినాడ పోయిన్రు కదా డాడీ."

"నేను చేస్తాను. దాన్ని ఇలా మధ్యలోకి తీసుకురా. మూలన పెట్టి ప్రార్థించడమేంటి, దొంగసొత్తులాగా?"

షాలేమ్ విసురుగా వైర్లన్నీ పీకి, పెట్టెనూ తెరనూ హాలు మధ్యలో టీపాయ్ మీద పెట్టాడు. వెనక్కి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే చేతికి తగిలిన బొక్కల్లోకి వైర్లు కుక్కేశాడు. రోసమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నలుగురూ కళ్లు మూసుకున్నారు.

ఆ ఇంట్లో పెద్ద తిట్లన్నీ ప్రార్థనలోనే పడతాయి. దేవుడితో మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరూ ఎదురు చెప్పకూడదు కదా.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ యంత్రమును నీ సన్నిధిలో ఉంచుచున్నాము. ప్రభువా, ఈ బిడ్డ వలన మేము నలుగురిలో సిగ్గుపడిన సంగతి నీవెరుగుదువు. వీధి రౌడీ వలె పరుల రక్తము చిందించిన ఈ చేతులను చూడుము తండ్రీ. ఇతడు ఎందుకును పనికిరాక తిరుగుచున్నాడు. నా కడుపున పుట్టవలసినవాడు కాడు ప్రభువా..."

హదస్సా కళ్లు తెరిచింది. షాలేమ్ వేళ్లు ముడుచుకున్నాయి.

జకర్యా కళ్లు మూసుకునే జేబులోంచి చిన్న సీసా తీశాడు. సువార్త మహాసభల్లో ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె అది. కొత్త బీరువా వచ్చినా, కొత్త బండి వచ్చినా పైన ఇంత నూనె రాయనిదే ఆయనకు తోచదు. బీరువాకు పైన రేకుంటుంది. దీనికి జాలీ ఉంది.

"డాడీ, పైన వద్దు! లోపటికి పోతది!"

"నీ నామమున అభిషేకించుచున్నాము..." నూనె జాలీ మీద పడి, సందుల్లోంచి లోపలికి ధారగా దిగింది. షాలేమ్ సీసాను లాక్కున్నాడు. జకర్యా కళ్లు తెరిచి, వాడి చెంప మీద ఈడ్చి కొట్టాడు.

"ప్రార్థనలో చెయ్యి పెడతావా? ఆమేన్ అనకముందే?"

షాలేమ్ సీసా కింద పెట్టి, వంగి మీట నొక్కాడు. పంకాలు తిరిగాయి, దీపాలు వెలిగాయి. పంకా రెక్కలు నూనెను చిమ్మితే అద్దం మీద చుక్కలు పడి రంగుల్లో మెరిశాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. దాని మధ్యలో 'నో సిగ్నల్' అని రెండు ముక్కలు వచ్చి పోయాయి.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"ఇంకోసారి నొక్కు" అన్నాడు జకర్యా. ఈసారి గొంతు చిన్నదైంది.

"సంపినవ్" అన్నాడు షాలేమ్. "నాకు ఒక్కటంటే ఒక్కటి ఇచ్చినవ్, దాన్ని సుత సంపినవ్."

మొదటి గుద్దు నోటి మీద పడింది. జకర్యా కళ్లద్దాలు ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయాయి. రెండోది ముక్కు మీద. గుద్దు ఆగినచోట పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఆయన వెనక్కి తూలి దివాను అంచుకు తల కొట్టుకుని కూలబడ్డాడు. "ఒరే, నాన్నరా! నాన్నరా!" అంటూ రోసమ్మ మధ్యలోకి వచ్చింది. వాడు ఆమెను చూడను కూడా చూడలేదు. మోచేత్తో నెట్టేస్తే పోయి గోడకు కొట్టుకుంది. తండ్రి చొక్కా పట్టుకుని సగం పైకి లేపి, మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. "రౌడీనా? రౌడీనా? కడుపున పుట్టవలసినోణ్ణి కాదా? అయిపాయెనా డాడీ? ఇంకా ఉన్నదా?"

జకర్యా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఎలా కొట్టాలో ఆయనకు తెలుసు గాని, దెబ్బ కాచుకోవడం ఏనాడూ రాలేదు.

హదస్సా వెనక నుంచి తమ్ముడి కుడిచేతిని రెండు చేతులతో వాటేసుకుంది. వాడు విదిలించాడు. మోచెయ్యి వచ్చి ఆమె పెదవికి తగిలింది. నోరంతా ఉప్పగా అయింది. అయినా వదల్లేదు. వాడు తండ్రిని వదిలి, ఆమెను ఈడ్చుకుంటూ వెళ్లి ఎడమచేత్తో తెరను పట్టుకుని గోడకేసి కొట్టబోయాడు. తెర లేచేసరికి దాని వైరు కూడా తాడులా బిగుసుకుంది. ఆ వైరు వెంట హదస్సా చూపు పెట్టె వెనక్కి పోయింది.

పైన ఒక బొక్క, కింద అడ్డంగా ఉన్న కార్డుకు అలాంటిదే ఇంకొకటి. వైరు పైదానికి ఉంది. కార్డుది ఖాళీగా ఉంది. బొమ్మ పని మొత్తం కార్డుదేనని దుకాణదారు అన్నాడు. దుకాణంలో వెలిగినప్పుడు వైరు కిందనే ఉండటం ఆమె చూసింది.

"ఆగరా!" అంది. నోట్లోంచి రక్తం మాటతోపాటు చిట్లింది. "దింపు. ఒక్కసారి దింపు."

వాడు రొప్పుతూ దింపాడు. ఎందుకు దింపాడో వాడికీ తెలియదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, పైన ఉన్న వైరు పీకి కిందిదాంట్లో పెట్టింది. ఆమె చేతికి నూనె తగిలింది. మీట నొక్కింది.

నీలం వెలుగు హాలంతా పరుచుకుంది. తెర మీద తెల్లటి అక్షరాలు స్వాగతం పలికాయి. నూనె వల్ల దానికేమీ కాలేదు. అద్దం మీది చుక్కలు అలాగే మెరుస్తూ ఉన్నాయి.

నేల మీద ఉన్న జకర్యా ఒక కన్ను తెరిచి ఆ వెలుగు చూశాడు. రెండోది అప్పటికే వాచి మూసుకుపోయింది. కళ్లద్దాలు లేక ఆయనకు వైరూ కనబడలేదు, కూతురి చెయ్యీ కనబడలేదు.

"వచ్చింది" అన్నాడు. పగిలిన పెదవి మీద మాట తడిగా పలికింది. "చూశారా? ప్రార్థన విన్నాడు. స్తోత్రం ప్రభువా... బాబూ, షాలేమ్, వచ్చింది రా. కూర్చుని ఆడుకో."

రోసమ్మ కొంగుతో ఆయన ముక్కు అదిమి పట్టుకుంటోంది. "మాట్లాడకండి, మాట్లాడకండి" అంటోంది.

షాలేమ్ తెర వైపు చూడలేదు. అక్క చేతినీ, చేతి కింద ఉన్న వైరునీ చూశాడు. పైన ఖాళీగా ఉన్న బొక్కను చూశాడు. ఆ వైరును అక్కడ కుక్కిన చెయ్యిని ఎత్తి మొహం ముందు పెట్టుకున్నాడు. వేళ్ల కణుపులు చిట్లి ఉన్నాయి. ఆ రక్తంలో తనది ఎంతో, తండ్రిది ఎంతో తెలియడం లేదు.

"కూర్చోరా" అంది హదస్సా. "ఎక్కడికీ పోకు. నేను ఆటోని పిలుస్తా, నాన్నను ఆస్పత్రికి తీసుకుపోదాం. నువ్వు ఇంట్లో ఉండు. ఉంటావు కదూ?"

వాడు చేతిని ప్యాంటుకు రాసి తుడుచుకున్నాడు. తండ్రి నేల మీంచి ఇంకా తెర వైపే చూపిస్తూ, "ఆడుకో బాబూ, నీకోసమేగా" అంటున్నాడు.

హదస్సా లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది. షాలేమ్ దగ్గరికి వచ్చాడు. ఆమె భుజాలు పట్టుకుని, గాజుసామాను జరిపినంత మెల్లగా ఆమెను పక్కకు జరిపాడు. గడియ తీశాడు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.