పెంటికల పరీక్ష

దొడ్డి ఊడ్చే పని రాజేశ్వరిది. మంద మాత్రం, అందులోని బలిసిన పొట్టేలుతో సహా, ఆమె మొగుడు ఈశ్వరప్పది. పెళ్లప్పుడు కుప్పం నుంచి ఆమె వెంట వచ్చిన గొర్రెలన్నీ చచ్చి, ఒక్క నల్లది మిగిలింది. అదీ దవడ కింద నీరు దిగి మూలన నిలబడి ఉంది.

"నీ పుట్టింటి తెగులే మందంతా పాకతాండాది," అంది అత్త చిన్నమ్మ.

ఆ మాట గొర్రెలతో మొదలు కాలేదు. రాజేశ్వరికి రెండుసార్లు కడుపు పోయినప్పుడూ అదే మాట. "మావోణ్ణి సూడు, గుండ్రాయి మాదిరి ఉండాడు. వాళ్ల నాయనా అంతే. నువ్వే యాల ఎండిపోతాండావు?" గుండ్రాయి ముందు తింటుంది. మిగిలితే ఆమె తింటుంది. నిండు కడుపుతో నీళ్లు మోసిందీ ఆమే. ఆ ఇంట్లో చిక్కినవాళ్లదే తప్పు. ఎవరివల్ల చిక్కారని ఎవరూ అడగరు. ఆమె కూడా అడగలేదు. లోపం తన ఒంట్లోనే ఉందనుకుని, తలొంచుకుని ఊడ్చింది.

పుంగనూరు నుంచి వచ్చిన పశువుల డాక్టరు భార్గవి ఒక్కో గొర్రె పెంటికలు విడిగా కట్టించి మదనపల్లెకు పరీక్షకు పంపింది. ఫలితం చెప్పడానికి మళ్లీ వచ్చింది.

"కడుపులో పెరిగే నట్టల పురుగుల గుడ్లు కుప్పలుగా పోస్తాండేది మీ పొట్టేలేనప్పా. నల్లదాంట్లో తక్కువే."

ఈశ్వరప్ప నవ్వాడు. "దానికేం రోగమమ్మా? రాజా మాదిరి ఉండాది."

"తంటా అదే. కొన్ని పుట్టుకతోనే నట్టల్ని ఓర్చుకుంటాయి. అవి చిక్కవు. మేసిన తావంతా పంచుతాయి, పక్కనివి చస్తాయి. ఆ గుణం పిల్లలకూ రావచ్చు. పొట్టేల్ని వేరు చెయ్యండి. నల్లదానికి మందు తాపినాను, వేరే తావున కోలుకుంటాది."

ఈశ్వరప్ప సరేనని తలాడించాడు. తెల్లారి మునిశేఖర్ ఆటో పిలిపించి నల్లదాన్ని ఎక్కించాడు.

"కసాయి గోవిందప్పకు ఇచ్చిరాపో."

"పొట్టేలు గదా వేరు చేయమనింది?" అంది రాజేశ్వరి.

"జబ్బు పడిందే జబ్బుది. నోర్మూసుకుని ఊడ్సు."

ఆమె చీపురు పొట్టేలు ముందు పడేసింది. లోపలికి పోయి చీర మార్చుకుని, సంచితో వచ్చింది. వాకిట్లో చిన్నమ్మ నిలబడి ఉంది. మెడ కింద ఎముకలు బయటపడి, ఆ ముసలామె కూడా నల్లగొర్రె మాదిరే ఉందని రాజేశ్వరి అప్పుడే చూసింది. ఆమెను దాటుకుని పోయి, ఆటోలో గొర్రె పక్కన కూర్చుంది.

"నువ్వు యాడికే?" అన్నాడు ఈశ్వరప్ప.

"డాక్టరమ్మ చెప్పింది నువ్వు చేయలా. నేను చేస్తాండా," అని, ఆటో అతనివైపు తిరిగింది. "కుప్పం పోనీ, మునిశేఖరప్పా. మేమిద్దరం కోలుకోవాల."