కాటా మీద సైకిలు

సైకిల్ని భుజానికెత్తుకుని కాటా ఎక్కాడు కాటా మనిషి. ముల్లు ఊగి ఊగి ఆగింది. అందులోంచి తన బరువు తీసేశాడు. మిగిలింది సైకిలు. నిన్నటికన్నా తగ్గింది.

ఇవాళ ఒక్క సామానూ మార్చలేదు మరి.

తుక్కు యార్డులో బరువులు చూడటం అతని పని. వచ్చిన తుక్కులో తేలికైనవి ఏరి సైకిలుకు బిగించుకునేవాడు. ఇనుప హ్యాండిల్ పోయి అల్యూమినియంది వచ్చింది. మడ్‌గార్డులు ప్లాస్టిక్‌వి. క్యారియర్ సన్నటి గొట్టాలది. టైర్లు మాత్రం మందంవే. మూటతో కొండ దాటి సముద్రం దాకా తొక్కాలి, పల్చటివి మధ్యలో చీలితే? రిమ్ములు మార్చిన రోజు పెళ్లికొడుకులా తిరిగాడు.

సముద్రం చూసొస్తానంటే ఇన్నేళ్ళకి యజమాని సెలవిచ్చాడు, మొహం చిట్లించుకుంటూ. ఇనుము తూచేచోట మనిషి బరువెవడిక్కావాలి?

"సైకిలు ఎగిరిపోయేట్టుందన్నా, రాయి కట్టు" అన్నాడు మూటలెత్తేవాడు.

"నీ పాడుకళ్ళు తిప్పుకో!"

అన్నం తెచ్చిన భార్య నవ్వలేదు. "సైకిలొక్కదాన్నీ పెట్టి చూడవయ్యా."

"నిలబడదే. బరువని స్టాండు పీకేశాగా."

"పోనీ, నువ్వొక్కడివీ ఎక్కు. నీ బరువెప్పుడు చూసుకున్నావు?"

"పనిలో చేరినప్పుడు. నా బరువెక్కడికి పోతుందే?"

సైకిల్ని మూటలెత్తేవాడి చేతికిచ్చి ఎక్కాడు. కాటా రేకు చప్పుడు కాలేదు. ముల్లు చిన్నపిల్ల బరువు దగ్గర ఆగింది.

"ఇది బరువుగానే ఉందన్నా" అన్నాడు మూటలెత్తేవాడు, మెల్లగా.

"కాటా చెడింది."

పొద్దుటి నుంచీ అదే కాటా మీద ఊరి ఇనుమంతా తూచాడు.

"ఆస్పత్రికి పద" అని ఆమె చెయ్యి పట్టుకుంది. చొక్కా చెయ్యే పిడికిట్లోకొచ్చింది. లోపలి చెయ్యి ఎక్కడో ఉంది.

"సముద్రం చూసొచ్చాక నువ్వెక్కడికంటే అక్కడికి."

ఆపుతుందేమోనని అప్పుడే బయల్దేరాడు. ఎవరు కదిలినా మొరిగే గేటు కుక్క తలెత్తలేదు.

సాయంత్రానికి కబురొచ్చింది. సముద్రం కనిపించే కొండమలుపు దాకా ఎక్కాడట. సైకిల్ని రాయికి ఆనించి, పక్కనే కూర్చుని ఉన్నాడట, కళ్ళు తెరుచుకునే. మూటలెత్తేవాడు వెళ్ళి అతన్ని ఒంటిచేత్తో దించుకొచ్చాడు. రెండో చేతిలో సైకిలుంది. ఆ చెయ్యే నొప్పిపుట్టిందన్నాడు.

ఆమె కాటా గదిలోకి వెళ్ళింది. తలుపు వెనక మేకుకు అతని బెల్టు వేలాడుతోంది, ఎందుకీ బరువని విప్పి తగిలించి పోయాడు. కొన్నప్పుడున్న చిల్లులు దాటి, సీలతో తనే పొడుచుకున్న చిల్లులు, ఒకదాని వెనక ఒకటి, బకిల్ దాకా.