చుక్కి మింగిన జరీపోగు

నాగేశ్వర చేతిలో పోగు తెగదని ధర్మవరంలో పేరు. ఆ పేరు పెట్టింది కూడా నాగేశ్వరే, మిగతావాళ్లు కాదనలేక ఊరుకున్నారంతే. పట్టు కొరికే ఎలకల కోసం ఇంట్లో పెంచుతున్న పిల్లి చుక్కి ఆ పొద్దున ఎలకల్ని వదిలేసి, మగ్గం కింద పడిన జరీపోగుతో ఆడీ ఆడీ దాన్ని మింగేసింది. ఇంకా జానెడు పోగు నోట్లోంచి తళతళా వేలాడుతోంది!

చూడగానే నాగేశ్వర భార్య హేమావతి పరుగెత్తుకొచ్చింది. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పటి నుంచీ చుక్కికి దూది ముంచి పాలు పట్టి పెంచింది ఆమే.

"ఎవురూ ముట్టుకోగాకండి! కండెలోంచి పోగు తీసినట్టు తీసేస్తా" అంటూ నాగేశ్వర పంచె ఎగగట్టాడు.

ఈలోగా వీధి వీధంతా వైద్యులైపోయారు. పక్కింటి ఓబమ్మ ఆముదం సీసాతో సహా దిగింది. "రోంత తాపుమే, సర్రున జారిపోతాది!"

"ఆముదమెందుకక్కా, తోక పట్టుకోని ఇదిలిస్తే అదే పడతాది" అన్నాడు ఎదురింటి బయ్యన్న. పుట్టి బుద్ధెరిగి ఆయన ఏ పిల్లినీ ముట్టుకున్నవాడు కాదు.

చుక్కి మాత్రం నోరు తెరిచి డోకుతూనే ఉంది.

హేమావతి పశువుల డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"లాగొద్దమ్మా! కక్కించొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు. లోపల కొస ఎక్కడో చిక్కుకుని ఉంటే, లాగినప్పుడు పేగులు కుచ్చుకుపోయి కోసుకుంటాయి. ఉన్నదున్నట్టు వెంటనే తీసుకురండి."

నాగేశ్వరకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పోగు గురించి నాకే చెప్తాడా? ఆయప్ప ఎప్పుడన్నా మగ్గం గుంతలో దిగినాడా?"

"ఆయప్ప మగ్గంలో దిగలేదు సరే, నువ్వు పిల్లి కడుపులో దిగినావా?" అంది హేమావతి.

జనం గొల్లుమన్నారు. అదే కొంప ముంచింది. ఇప్పుడు నాగేశ్వరకు పిల్లి కన్నా పరువు ముఖ్యమైపోయింది. రెండు వేళ్లతో పోగు పట్టి మెల్లగా లాగబోయాడు. చుక్కి కెవ్వుమంది.

మొగుడి చెయ్యి పట్టుకుని ఆపే బలం హేమావతికి లేదు. గబగబా మగ్గం దగ్గరికి పోయింది. సగం నేసిన పెళ్లిచీర అంచులో ఒక జరీపోగును గోటితో లేపి గట్టిగా లాగింది. నున్నటి చీర కాస్తా బారెడు దూరం ముడతలు ముడతలుగా కుచ్చుకుపోయింది.

"అయ్యో అయ్యో! వదలవే! చీరంతా నాశనమైపాయె!" నాగేశ్వర చేతిలోంచి పిల్లి పోగు దానంతటదే జారిపోయింది.

"దాని పేగులూ ఇట్లనే అయితాయి. చీరనైతే సర్దుకుంటావు. దాన్నేం చేస్తావయ్యా?"

నాగేశ్వర కూరగాయల బుట్టలో చుక్కిని పడుకోబెట్టి, హేమావతి చేతికిచ్చి, బండి తీశాడు.

"డాక్టరన్నా తాపుతాడేమో, ఎత్తుకోని పోండి!" అంటూ ఓబమ్మ సీసాతో సందు చివరిదాకా పరుగెత్తింది.

సాయంత్రానికి డాక్టరు కడుపు కోసి పోగు తీసి, మత్తు దిగని చుక్కిని హేమావతికి అప్పగించాడు. "సమయానికి తెచ్చారు. బతుకుతుంది."

హేమావతి వెక్కి వెక్కి ఏడ్చింది. నాగేశ్వర వంగి, కళ్లు చిట్లించి, పిల్లి కడుపు మీది కుట్లు చూశాడు.

"ఏమి కుట్లే ఇవి! ఒగటి ఈడ, ఒగటి ఆడ. నన్నడిగింటే..."

ఆయన వేలు తగలకముందే హేమావతి చుక్కిని కొంగు కింద దాచేసుకుంది.