గోడలు, కిటికీలు, తలపులు

అది జూలై పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం ఆయన తిన్నది రెండు ఉడికిన గుడ్లు, ఒకవైపు మాడి రెండోవైపు పచ్చిగా మిగిలిన నాలుగు బ్రెడ్డు ముక్కలు. ఆ టోస్టరుకి ఇంకా ఏడాదిన్నర వారంటీ ఉంది. కొన్న రోజు నుంచీ అది ఒకవైపే కాలుస్తుంది. కంపెనీ మనిషి ఒకసారి వచ్చి చూసి, ఒకవైపు కాలుతోంది కాబట్టి చెడిపోయిందని రాయడానికి వీల్లేదని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. "వారంటీ అంటే మరేమిటనుకున్నావు బావా, వారం వారం టీ," అని బావమరిది ఆ రోజే తేల్చేశాడు.

తేదీ గుర్తుండిపోవడానికి కారణం టోస్టరు కాదు. రెండో గుడ్డు ఒలుస్తుండగా అరికాళ్లకి చల్లగా తగిలింది. వంగి చూస్తే నేలంతా నీళ్లు. ఆయన చెప్పు ఒకటి పడవలా తిరుగుతూ పడగ్గది వైపు బయల్దేరింది.

వెనక గదిలో వాషింగ్ మెషీను గొట్టం ఊడిపోయింది. పొద్దున బట్టలు వేసి, మీట నొక్కి, కూరల కోసం వెళ్లి, దారిలో ఎవరో కనిపిస్తే మాటల్లో పడి ఆయన తిరిగొచ్చేసరికి మూడు గంటలు గడిచాయి. ఆ గదికి గడప ఉంది. నీళ్లు అంతసేపూ అక్కడే ఆగి, నిండాక, మర్యాదగా గడప దాటి లోపలికొచ్చాయి. మూడు గంటలూ అక్కడి పెరటి తలుపు చీలమండలోతు నీళ్లలో నిలబడే ఉంది. రెండు రోజులకల్లా దాని అడుగు పాలల్లో నానిన రొట్టెలా ఉబ్బింది. ఎంత తోసినా ద్వారబంధంలో కూర్చోలేదు. గడియ అందలేదు. ఆయన దానికి కుర్చీ అడ్డం పెట్టి, కుర్చీ కదలకుండా అందులో నిఘంటువు పెట్టి పడుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషికి ఇంట్లో అంతకన్నా బరువైన వస్తువు తోచలేదు.

ఆయన భార్య పోయి రెండేళ్లయింది. రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేసేదావిడ. రెండు నిమిషాల తేడాతో బండి తప్పి, ఆ రెండు నిమిషాలకి బతుకంతా తారుమారైన వాళ్లని అద్దం వెనక నుంచి రోజూ చూసేది. అందుకేనేమో, ఏ వస్తువు కొన్నా దాని వారంటీని ఇంకో మూడేళ్లు పొడిగిస్తేగాని ఇంటికి తెచ్చేది కాదు. ఇస్త్రీపెట్టెకి వారంటీ, మిక్సీకి వారంటీ, గోడ గడియారానికి వారంటీ, వీటన్నిటి మీదా గొడుగులాగా ఇంటికి ఇన్సూరెన్సు. కాగితాలన్నీ ఒక నీలం ఫైలులో తేదీల వారీగా ఉండేవి.

ఆవిడ సొంత తమ్ముడేమో వీధి చివర ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు.

"నా పొట్ట కొట్టడానికి వేరే శత్రువులు అక్కర్లేదక్కా, నువ్వు చాలు," అనేవాడు.

"నువ్వు బాగుచేస్తే డబ్బు తీసుకోవు నిజమే," అనేదావిడ. "వస్తువూ తిరిగివ్వవు."

"అన్నిటికీ తీసుకున్నావు, మరి బావకి వారంటీ తీసుకోలేదేం?"

"అడిగానురా. పాత సరుక్కి లేదన్నారు."

బావా బావమరుదులు కలిస్తే ఆ ఫైలు మీదే పడేవారు. ఆవిడ కట్టిన ప్రీమియంలతో ఎన్ని ఇస్త్రీపెట్టెలు వచ్చేవో లెక్కలు వేసేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు. రాత్రి పెరటి తలుపు దగ్గరికెళ్లి, అరచేత్తో రెండుసార్లు నొక్కి చూసి, ఆయన నిద్ర చెడకుండా గడియ చప్పుడు కాకుండా వేసి, పక్క మీద వాలి, అర నిమిషంలో నిద్రపోయేది. ఇన్సూరెన్సు దండగని వాదించే ఆయన మాత్రం గ్యాస్ కట్టేశామా లేదా అని రెండుసార్లు లేచేవాడు.

ఇన్నేళ్లలో ఆ ఫైలు నుంచి ఆవిడకి ఒక్క పైసా తిరిగి రాలేదు. గోడ చెమ్మగిల్లితే, చెమ్మ వేరు వరద వేరన్నారు. ఇస్త్రీపెట్టె తీగ కాలితే, పెట్టెకి వారంటీ ఉంది గాని తీగకి లేదన్నారు. చివరిసారి మూడేళ్లకి ఒకేసారి పాలసీ కడుతూ ఆవిడ, "ఒక్కసారైనా వాళ్ల చేత కట్టిస్తాను, చూస్తూ ఉండండి," అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు ఆయనకే ముల్లులా గుచ్చుకుంటోంది. జూలై ముప్పై ఒకటితో పాలసీ ముగుస్తుంది. ఈలోగా, ఒకే ఒక్కసారి, ఆవిడ మాట నెగ్గాలి. ఆయనకి కావలసింది అంతే. తలుపు ఆ తర్వాత సంగతి.

ముందు వారంటీ వాళ్లకి ఫోను చేశాడు. మెకానిక్కు వచ్చి, మెషీనుని ముందుకి లాగి, టార్చి వేసి, చాలా సంతోషంగా లేచి నిలబడ్డాడు.

"దీన్ని బయటివాళ్లెవరో విప్పారు సార్. వారంటీ పోయింది."

"ఎవరూ విప్పలేదే."

"మరి ఈ రాగి తీగ?"

ఆయన వంగి చూశాడు. గొట్టానికి క్లిప్పు ఉండాల్సిన చోట రాగి తీగ మూడు చుట్లు చుట్టి, చివర కుందేలు చెవుల్లా ముడేసి ఉంది. ఆ ముడి ఆయన ఇరవై ఏళ్లుగా ఎరుగును. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాను విప్పినా అదే ముడి.

ఆయన వెళ్లేసరికి దుకాణంలో బావమరిది మిక్సీ పొట్టలో చెయ్యి పెట్టి ఉన్నాడు.

"మా మెషీను విప్పావా?"

"మోతొస్తోందన్నావుగా. పదిరోజుల కిందట, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఓ చూపు చూశా."

"చెప్పలేదేం?"

"ఏదో చిన్న సాయం. చెప్పుకుంటే పుణ్యం తగ్గుతుందంటారు." మిక్సీలోంచి చెయ్యి తీసి తుడుచుకున్నాడు. "మోత ఆగిందా, లేదా?"

"ఆగింది."

"మరి?"

"గొట్టం ఊడింది. ఇల్లు మునిగింది. తలుపు ఉబ్బింది. వారంటీ పోయింది."

బావమరిది మిక్సీని పక్కకి జరిపి, దుకాణం పెందరాళే కట్టేశాడు. ఆ రాత్రి చాప చంకన పెట్టుకుని వచ్చి, వెనక గదిలో, మూతపడని ఆ తలుపు పక్కనే పరుచుకున్నాడు.

"మా ఇంట్లో ఫ్యాను చెడిపోయింది బావా. నిద్ర పట్టట్లేదు."

ఊరందరి ఫ్యాన్లూ బాగుచేసేవాడి ఇంట్లో ఫ్యాను చెడిపోవడం గురించి ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కుర్చీలోంచి నిఘంటువు తీసి అలమరలో పెట్టేశాడు.

ఇక మిగిలింది ఇంటి ఇన్సూరెన్సు. సోమవారం నష్టం లెక్కకట్టే సర్వేయరు వస్తానంది. ఆదివారం సాయంత్రం ఆయన పాలసీ పుస్తకం తెరిచాడు. చిన్న అక్షరాలంటే జనం భయపడతారు గాని, ఆయన జీవితమంతా వాటితోనే గడిచింది. పాత అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిల్ చేతిలోకి వచ్చింది. రెండో పేజీకే పదకొండు తప్పులు. "నష్టపరిహారం" అన్న మాట ఒకచోట "నష్టపరిహాసం" అని పడింది. దాన్ని దిద్దబోయి, ఇన్నేళ్ల అనుభవం గుర్తొచ్చి, అది తప్పో ఒప్పో తేల్చుకోలేక వదిలేశాడు. ఏడో పేజీలో పెన్సిల్ ఆగిపోయింది.

"ప్రమాదవశాత్తూ నీరు కారి ఇంటి గోడలు, కిటికీలు, తలపులు, పైకప్పు దెబ్బతిన్నచో పరిహారం చెల్లించబడును."

తలపులు. ఒక్క కొమ్ము ఎగిరిపోయింది.

ఆయన బావమరిదిని పిలిచి చూపించాడు.

"తలుపులు అనేగా," అన్నాడతను.

"సరిగ్గా చూడు."

రెండోసారి చదివి అతను ఈల వేశాడు. "అంటే అక్క ఇన్నాళ్లూ జ్ఞాపకాలకి ఇన్సూరెన్సు కట్టిందన్నమాట. తలుపు కోసం వెతికితే తలుపే లేదు."

"ఇది చూస్తే వాళ్లు ఇవ్వరు."

"చూస్తేగా? కొన్ని వేలమంది చదివుంటారు, ఎవడికైనా కనబడిందా? రేపు నువ్వు నోరు మూసుకుని కూర్చో. నీకు పుణ్యముంటుంది."

సులువైన పనే. కాని తప్పు కనబడితే చెప్పకుండా ఉండటం ఆయనకి చేతకాదు. పెళ్లి శుభలేఖలో తన పేరే తప్పుపడితే, పీటల మీద కూర్చుని కూడా మామగారికి చూపించిన మనిషి.

సోమవారం పదింటికి సర్వేయరు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. భుజాన సంచి, చేతిలో కొలిచే టేపు, ముఖంలో ఇలాంటి ఇళ్లు ఇంకా నాలుగు చూడాలన్న అలసట. బావమరిది టీ ఇవ్వబోతే వద్దంది.

"తాగండి మేడమ్. వారంటీవాళ్లు తాగుతారు."

"అందుకే వాళ్లు ఏదీ రాయరు," అంది. తలుపు అడుగు గోకి చూసి, ఫొటోలు తీసి, గొట్టం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "ఈ తీగ ఎవరు కట్టారు?"



"నేనే మేడమ్," అన్నాడు బావమరిది. "దుర్మార్గం లేదు. తెలివితక్కువ, అంతే."

"అలా జరిగితే డబ్బు ఆపాలని మా దగ్గర రూలు లేదు లెండి. తెలివితక్కువకి కూడా డబ్బు ఇస్తే మేం ఎప్పుడో దివాలా తీసేవాళ్లం అనుకుంటారు అందరూ. నిజానికి ఇచ్చేది ఎక్కువ దానికే." బల్ల దగ్గర కూర్చుని పాలసీ పుస్తకం తెరిచింది. వేలు పెట్టి పైకి చదివింది. "నీరు కారి... ఇంటి గోడలు, కిటికీలు, తలుపులు..."

ఆయన పళ్లు బిగించాడు. బల్ల కింద బావమరిది పాదం వచ్చి ఆయన పాదం మీద నిలబడింది. సర్వేయరు అప్పుడే పెన్ను మూత తీసింది. ఇంకొక్క నిమిషం ఆగితే భార్య మాట నెగ్గినట్టే.

"తలపులు," అన్నాడాయన.

"ఏంటి సార్?"

"తలుపులు కాదమ్మా. తలపులు అని ఉంది."

బావమరిది పాదం తీసేసి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఆమె మళ్లీ చదివింది. పుస్తకం కళ్ల దగ్గర పెట్టుకుని ఇంకోసారి చదివింది. అంతవరకూ ముఖంలో ఉన్న అలసట పక్కకి జరిగి, నవ్వు వచ్చింది. "తొమ్మిదేళ్ల నుంచి చదువుతున్నాను. ఒక్కసారి కూడా కనబడలేదు. మీకెలా కనబడింది?"

"నా పనే అది. మనకి తెలిసిన మాటని మనం చదవం, తలుచుకుంటాం. నేను మాత్రం అక్షరం అక్షరం చూసేవాణ్ణి."

"చెప్పకుండా ఉండాల్సింది సార్. ఇప్పుడు చూశాను కాబట్టి రాయాలి."

"రాయండి. కాని రాసేముందు ఒక మాట." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ పాలసీ మా ఆవిడది. ఎప్పుడూ ఏమీ రాలేదు. నేనూ, ఇదిగో వీడూ, ఎగతాళి చేసేవాళ్లం. ఈసారైనా వస్తే బాగుండేదనుకున్నాను. అయితే తప్పుని దాచిపెట్టి నెగ్గితే ఆవిడ నెగ్గినట్టు కాదు. కౌంటర్లో ముప్పై ఏళ్లు కూర్చుని చిల్లర ఒక్కనాడూ తప్పివ్వని మనిషి."

సర్వేయరు తలుపు వైపు చూసింది.

"మాట అటూ ఇటూగా ఉంటే, రాసినవాడి తప్పు చదివినవాడి నెత్తిన పెట్టకూడదని మాకో పద్ధతి ఉంది," అంది. "దీన్ని తలుపులనే చదవాలి. ఎందుకంటే తలపులని చదివితే ఇంకా చిక్కు. వాటికి విలువ ఎలా కట్టను? అరుగుదల ఎంత తీసెయ్యను?"

"వాటికి అరుగుదల లేదమ్మా."

"అదే. మా కంపెనీ తట్టుకోలేదు." పెన్ను తీసింది. "తలుపు వయసెంత?"

"ఇరవై ఆరు."

"పెళ్లీడు మేడమ్," అన్నాడు బావమరిది. ప్రాణం లేచొచ్చింది అతనికి.

"అరుగుదల కింద బాగా పోతుంది. కొత్త తలుపు రాదు, ముందే చెబుతున్నా." రాయడం అయ్యాక బల్ల మీది ఎర్ర పెన్సిల్ ఆయన వైపు తోసింది. "మీ కాపీలో ఇది ఎలా దిద్దుతారో చూపించండి. ఆఫీసుకి ఫొటో తీసి పంపుతాను."

ఆయన ఏడో పేజీ మీద వంగాడు. లకి కొమ్ము పెట్టడం ఒక్క గీత పని. పెన్సిల్ అక్కడిదాకా వెళ్లి ఆగింది. కాస్త ఎడమకి జరిగి, మాటకి ముందు చేర్పు గుర్తు వేసి, పైన "తలుపులు," అని రాశాడు.

"పాతది కొట్టెయ్యలేదేం సార్?"

"దాని మానాన దాన్ని ఉండనివ్వమ్మా. లేనిది కలిపాను."

"మా ఆఫీసు దీనికి ఒప్పుకోదు," అంటూనే ఆమె పక్కన పొట్టి సంతకం పెట్టింది. "ఇది మీ కాపీకి మాత్రం." లేస్తూ, బల్ల మీదే ఉండిపోయి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

డబ్బు ఇరవై ఆరో తేదీన వచ్చింది. వడ్రంగి తలుపు అడుగు నాలుగు అంగుళాలు కోసి, కొత్త చెక్క అతికి, ఒక ఇత్తడి గడియ బిగించడానికి సరిగ్గా సరిపోయింది.

"కొండను తవ్వి ఎలకను పట్టాం," అన్నాడు బావమరిది. "పద్దెనిమిదేళ్ల ప్రీమియానికి ఒక గడియ."

"పట్టాం కదా."

"పట్టాంలే. అక్క ఉంటే ఆ గడియకి కూడా వారంటీ అడిగేది."

ముప్పయ్యో తేదీన ఆయన ఇంటి పాలసీ మళ్లీ కట్టాడు. ఇల్లు కాలితే బావమరిది రాగి తీగతో కట్టలేడు. గడువు తీరుతున్న వారంటీలు మాత్రం పొడిగించలేదు. టోస్టరు తీసుకెళ్లి దుకాణంలో ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత అది నిజంగానే తిరిగొచ్చింది. ఇప్పుడు రెండువైపులా మాడుస్తోంది.

ఆ రాత్రి నీలం ఫైలు అలమరలో పెట్టి ఆయన వెనక గదిలోకి వెళ్లాడు. తలుపు బాగై నాలుగు రోజులైనా బావమరిది ఇంట్లో ఫ్యాను ఇంకా బాగవలేదు. చాప మీద నోరు తెరుచుకుని, గురక పెట్టి నిద్రపోతున్నాడు. ఆయన అతని కాళ్ల మీదుగా జాగ్రత్తగా అడుగేసి, తలుపుని అరచేత్తో రెండుసార్లు నొక్కి చూసి, అతని నిద్ర చెడకుండా, గడియ చప్పుడు కాకుండా వేశాడు.