హావిస్ కుట్టిన పొడుగు ముక్కు జోళ్ళు

లండన్‌లో పొడుగు ముక్కు జోళ్ళ పిచ్చి ముదిరిపోయిన రోజులవి. కసాయి కొడుకు దగ్గర్నుంచి కోర్టు గుమాస్తా దాకా అందరూ జానెడు ముక్కుని ముందు పంపి, తాము వెనక నడిచేవాళ్ళు. ఆ ముక్కులు కుట్టడంలో హావిస్‌ది అందెవేసిన చెయ్యి. మొగుడు జ్వరంతో పోయినా ఆమె కొట్టు మూయలేదు. తోలు తనే కోసి, తనే కుట్టి, ముక్కులో ఎండు నాచు కూరి, కొన కాస్త పైకి లేచేలా వంచేది.

పియర్స్ థేమ్స్ మీద పడవ నడిపేవాడు. కొలత ఇవ్వడానికి వచ్చిన రోజున కుడికాలి మేజోడు విప్పనని భీష్మించుకు కూర్చున్నాడు.

"కాలు చూడకుండా కొలతెలా తియ్యను? నేనేమన్నా సోది చెప్పేదాన్నా?" అంది హావిస్.

అతను మొహం పక్కకి తిప్పుకుని విప్పాడు. ఆ కాలికి వేళ్ళు లేవు. ఫ్రాన్సు యుద్ధంలో మంచుకి కుళ్ళిపోతే, సైన్యంలో వైద్యం కూడా చేసే మంగలి కోసేశాడు.

"ఇంతేనా? ఈ జోడుకి నాచు కాస్త ఎక్కువ పడుతుంది" అంది ఆమె, కొలతాడు అందుకుంటూ.

ఆ మాటకి పియర్స్ పగలబడి నవ్వాడు. జోళ్ళు తొడుక్కున్నాక అతని నడకే మారిపోయింది. చూసేవాళ్ళ కళ్ళన్నీ ముక్కు మీదే ఉండేవి, లోపల ఏముందో ఎవరికీ అక్కర్లేదు. జాతరలో అందరితో కలిసి గంతులేశాడు. కొన్నాళ్ళకి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని హావిస్‌ని అడిగాడు. ఆమె సరేనంది.

ఇంతలో రాజుగారి చాటింపు వచ్చి పడింది. మామూలు జనం రెండంగుళాలు మించిన ముక్కు తొడగరాదు, వాళ్ళకి ఎవరూ కుట్టరాదు; ప్రభువులకి మాత్రం అడ్డు లేదు. అది చాలదన్నట్టు, తొడుక్కున్నవాళ్ళకి రోములోని పోపుగారి శాపం తగులుతుందని పాదిరీ గుడిలో గొంతు చించుకున్నాడు.

మర్నాడే జోళ్ళ పనివాళ్ళ సంఘం పెద్ద ఓస్బర్న్ కొట్టులోకి వచ్చాడు.

"వేలాడదీసినవన్నీ దింపి ముక్కులు కోసెయ్, హావిస్."

"ముక్కు పాపమైతే, ప్రభువుల కాలికి పుణ్యం ఎలా అయింది పెద్దయ్యా?"

"నోరు అదుపులో పెట్టుకో. వాళ్ళు ప్రభువులు."

"మరి వాళ్ళ ముక్కులు ఎవరి కొట్లో తయారవుతున్నాయో?"

ఓస్బర్న్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రభువుల పనంతా అతని కొట్టుకే పోతుందని వీధిలో అందరికీ తెలుసు. "ఆదివారం గుడి దగ్గర చూసుకుందాం" అని విసురుగా వెళ్ళిపోయాడు.

హావిస్‌కి గుబులు పట్టుకుంది. "ఈ ఒక్క ఆదివారం పొట్టివి తొడుక్కో" అని పియర్స్‌ని బతిమాలింది.

"వీళ్ళ యుద్ధానికి వేళ్ళిచ్చాను. ఇప్పుడు ముక్కు కూడా ఇమ్మంటారా? ఇవ్వను" అన్నాడు పియర్స్.

ఆదివారం గుడి మెట్ల దగ్గర ఓస్బర్న్ కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతి కుర్రాడి ముక్కూ కత్తిరిస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. పియర్స్ వంతు వచ్చింది.

"కాలు చాపు."

"చాపను."

ఓస్బర్న్ మనుషులు ఇద్దరు పియర్స్ రెక్కలు విరిచి పట్టుకున్నారు. మూడోవాడు కుడికాలి జోడు లాగేశాడు. నాచు మెట్ల మీద చెల్లాచెదురైంది. మేజోడు కొన ఖాళీ సంచిలా వేలాడింది.

"ఓరి, వీడు మొండికాలోడురా!" అని ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు.

హావిస్ ఒళ్ళు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. కానీ ఆమె నోరు తెరవకముందే పియర్స్ చేతులు విదిలించుకున్నాడు. వంగి మేజోడు కూడా తనే పీకేశాడు. వేళ్ళు లేని ఆ పాదాన్ని అందరికీ కనబడేలా పై మెట్టు మీద పెట్టాడు.

"చూడండి. బాగా కళ్ళు విప్పి చూడండి. ఇలాంటి కాలికి ఎన్నంగుళాలు ఉండాలో మీ చాటింపులో ఉందా పెద్దయ్యా?"

నవ్వులు ఆగిపోయాయి. చేపలమ్మే ముసలామె ఒకతి "వదిలెయ్యండ్రా, సిగ్గు లేదూ మీకు!" అని కసిరింది. పట్టుకున్నవాళ్ళు తల వంచుకుని వెనక్కి తగ్గారు.

ఓస్బర్న్ మాత్రం తగ్గలేదు. "చట్టం చట్టమే. హావిస్, రేపట్నుంచి నీ కొట్టు మూత!"

"కొట్టు మూయించగలవు. నా చేతులు కట్టెయ్యగలవా?" అంది హావిస్.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పడవలో కూర్చున్నారు. పియర్స్ నీళ్ళకేసి చూస్తూ అన్నాడు:

"చాటింపు నువ్వు ఆఖరిదాకా విన్నావా? నగరంలో, నగరం చుట్టూ మూడు మైళ్ళలో మామూలు జనానికి ఎవరూ కుట్టకూడదు. అంతే కదా?"

"అయితే?"

"నాలుగో మైలు కూడా ఈ ఏటి ఒడ్డునే ఉంది."

హావిస్ గభాల్న లేచి నిలబడింది. "లేవయ్యా మరి, తోళ్ళు మొయ్యాలి!" అంది.

చెక్క అచ్చులు, తోలు చుట్టలు, పనిముట్లు పట్టపగలే పడవకెక్కించారు. పొరుగామె వీధిలోకి వచ్చి "పోపుగారి శాపం తగులుతుందే!" అని అరిచింది.

"తగలనీ అత్తా! అంతదూరం రావాలంటే దానికీ మా పియర్స్ పడవే గతి" అంది హావిస్. వీధంతా నవ్వింది.

మూడు మైళ్ళ హద్దు దాటాక, గ్రెనిచ్ అనే ఊరికి దిగువన ఒక పాత చేపల పాక బాగుచేసుకుని కొట్టు పెట్టారు. అక్కడి చిన్న గుడిలో పెళ్ళి చేసుకున్నారు. లండన్ కుర్రాళ్ళు పడవలెక్కి వచ్చి ముక్కులు కుట్టించుకుని, మేజోళ్ళ మూటలో దాచుకుని వెళ్ళేవాళ్ళు. ఓస్బర్న్ ఒకసారి మనుషుల్ని పంపాడు. దూరం కొలుచుకుని, ఇక్కడ మన మాట చెల్లదని వాళ్ళే గొణుక్కుంటూ తిరిగిపోయారు.

పియర్స్‌కి ఆమె కుట్టిన కొత్త జత పాతవాటికన్నా పొడుగు. కాలి సంగతి అతను ఇక దాచలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

ఏళ్ళు గడిచాయి. జనం ఉన్నట్టుండి బాతు మూతిలా వెడల్పాటి జోళ్ళకి ఎగబడ్డారు. రాజు చాటింపు, పోపు శాపం చేయలేని పని కొత్త మోజు చేసి పెట్టింది. హావిస్ ఊరందరికీ బాతు మూతులే కుట్టింది. మొగుడికి మాత్రం పొడుగు ముక్కులే కుట్టింది. పిల్లలు వెంటపడి వెక్కిరిస్తే పియర్స్ ఆగి, కాలు చాపి, ముక్కు ఇంకాస్త పైకి ఎగరేసి చూపించేవాడు.